ప్రాజెక్టు డబ్బులు సరే, లెక్క చూసే మనిషి సంగతేంటి?

గుంటూరు బ్రాడీపేటలో మా ఆఫీసు ఉన్నప్పటి సంగతి ఇది. టీనేజ్ ఆడపిల్లల్లో రక్తహీనత తగ్గించాలని ఒక విదేశీ డోనర్ ఇచ్చిన డబ్బుతో ప్రత్తిపాడు వైపు కొన్ని ఊళ్ళల్లో ప్రాజెక్టు నడిపేవాళ్ళం. ఆ ఊళ్ళని మూడు గుంపులుగా విడదీసుకున్నాం, ఒక్కో గుంపుని క్లస్టర్ అనేవాళ్ళం. పిల్లలకి ఐరన్ మాత్రలు ఇవ్వటం, ఇళ్ళకెళ్ళి తిండి గురించి మాట్లాడటం, ప్రతి నెలా వంతులవారీగా కొంతమందికి హిమోగ్లోబిన్ చూసి రిజిస్టర్‌లో రాయటం, పని అంతే. నేను ఎం అండ్ ఈ ఆఫీసర్‌ని, అంటే మానిటరింగ్, ఎవాల్యుయేషన్ చూసేవాణ్ణి. నా కింద ఎం.ఐ.ఎస్ కోఆర్డినేటర్‌గా, అంటే ఊళ్ళ నుంచి వచ్చే డేటా సర్దిపెట్టే పనిలో, ఒక అమ్మాయి, స్టాటిస్టిక్స్‌లో డిగ్రీ చేసింది, చేరి ఏడాది కూడా కాలేదు. ఒకరోజు సాయంత్రం లాప్‌టాప్ పట్టుకుని నా టేబుల్ దగ్గరికొచ్చి "సార్, ఈ కాలమ్ ఒక్కసారి చూడండి" అంది.

చూశాను. 10.5, 11, 11, 10.5, 11.5, 11... నాకేం తప్పు కనపళ్ళేదు. పైగా పోయిన క్వార్టర్ కంటే పెరిగినయ్యి కదా అని సంతోషపడ్డాను కూడా. అప్పుడు తను అడిగింది, "మన మెషిన్ 10.7 చూపిస్తుంది, 11.3 చూపిస్తుంది, ఇట్టా అర, అర లెక్కన ఎందుకు చూపిస్తుంది సార్? మిగతా రెండు క్లస్టర్లలో అన్ని అంకెలూ వస్తన్నాయి, ఈ ఒక్క క్లస్టర్‌లోనే మార్చి నుంచి అన్నీ సున్నాతో, అయిదుతో ముగుస్తన్నాయి" అని.

మర్నాడు పొద్దున్నే ఇద్దరం బస్సెక్కి వెళ్ళాం. అక్కడ హెల్త్ వర్కర్ ఏమీ దాచలేదు పాపం. "మెషిన్‌లో రక్తం చూసే స్ట్రిప్పులు మార్చిలోనే అయిపోయినయ్యి సార్, ఆఫీసుకి రెండుసార్లు ఫోన్ చేసి చెప్పాను. కాలమ్ ఖాళీగా పంపితే మీటింగ్‌లో ఊరుకోరు. పిల్లల కింది కనురెప్ప లాగి చూసి, పోయినసారి ఎంతుందో చూసుకుని, కొంచెం పెంచి రాశాను" అంది. స్ట్రిప్పులు ఎందుకు రాలేదని ఆఫీసుకొచ్చి ఆరా తీస్తే, మూడు కొటేషన్లు ఉండాలి, రెండే వచ్చినయ్యి అని ఫైలు అకౌంట్స్ టేబుల్ మీద ఆగిపోయి ఉంది.

ఇక్కడ జరిగింది ఏంటో విడమర్చి చూడండి. ఆ అమ్మాయి ఆ కాలమ్ పట్టించుకోకపోతే "మా ఊళ్ళల్లో హిమోగ్లోబిన్ పెరిగింది" అని ఆరు నెలల రిపోర్ట్ వెళ్ళిపోయేది, దాన్ని నమ్మి రెండో దశలో ఇంటింటికీ తిరిగే స్టాఫ్‌ని తగ్గించి వేరే పనికి పంపుదాం అనే ఆలోచన అప్పటికే నడుస్తోంది. అంటే ఒక తప్పుడు కాలమ్ మీద ఆధారపడి డబ్బు ఒక చోటి నుంచి ఇంకో చోటికి కదిలేది. డోనర్ డబ్బుతో నడిచే ప్రాజెక్టు ఎట్టా నడుస్తుంది అనేదానికి, లెక్క చూసేవాళ్ళ సామర్థ్యానికి ఉన్న ముడి సరిగ్గా ఇక్కడుంది. చాలామంది ఇది రిపోర్ట్ బాగా రాయటం గురించి అనుకుంటారు, ఇంగ్లీష్ బాగా వచ్చినవాళ్ళని ఆ సీటులో కూర్చోబెడతారు. నా ఇన్నేళ్ళ అనుభవంలో నేను నమ్మేది ఏంటంటే, తప్పుని ఇంకా సరిదిద్దుకునే టైమ్ ఉండగానే పట్టుకోగలగటం, పట్టుకున్నాక ఆ మాట వినే వాళ్ళ దగ్గర చెప్పగలగటం, ఈ రెండూ ఉంటేనే సామర్థ్యం ఉన్నట్టు.

మానిటరింగ్‌కి ఎవాల్యుయేషన్‌కి తేడా అడిగితే నేను మిర్చి చేను చెప్తాను, మనూరివాళ్ళకి ఇంతకన్నా తేలిగ్గా అర్థమయ్యేది లేదు. రైతు పొద్దున్నే చేలోకి వెళ్ళి ఆకు తిప్పి చూస్తాడు, పువ్వు దులిపి చూస్తాడు, తామర పురుగు ఉందా లేదా అని. అది మానిటరింగ్. పంట కోసి ఎండబెట్టి యార్డుకి తీసుకెళ్ళి కాటా వేయించి, ఈ ఏడు ఎంత వచ్చింది, పెట్టిన పెట్టుబడికి తగ్గట్టు వచ్చిందా, విత్తనం మార్చినందుకు వచ్చిందా వాన కలిసొచ్చినందుకు వచ్చిందా అని కూర్చుని లెక్కేసుకోవటం ఎవాల్యుయేషన్. 2021లో నల్ల తామర పురుగు వచ్చి గుంటూరు మిర్చిని ఊడ్చేసినప్పుడు కాటా దగ్గర అందరికీ నష్టం తెలిసింది, కానీ కాటా దగ్గర తెలిస్తే చేసేదేముంది.

ఈ పద్ధతులు మనకి బయట నుంచి వచ్చినయ్యే. లాగ్‌ఫ్రేమ్ అనే పట్టిక 1969లో అమెరికా సహాయ సంస్థ యు.ఎస్.ఎయిడ్ కోసం తయారైంది, ఏ పని చేస్తే ఏ ఫలితం రావాలి, దాన్ని ఏ ఇండికేటర్‌తో కొలవాలి, ఆ లెక్క ఎక్కడ దొరుకుతుంది, మధ్యలో ఏమేం కలిసి రావాలి, అన్నీ ఒక్క పేజీలో. 1991లో ఓ.ఇ.సి.డి అనే ధనిక దేశాల కూటమిలోని డోనర్లు ఎవాల్యుయేషన్‌కి అయిదు కొలబద్దలు పెట్టుకున్నారు, పని అవసరమైనదేనా, అనుకున్నది సాధించిందా, పెట్టిన ఖర్చుకి తగ్గట్టు ఉందా, ప్రభావం ఏంటి, డబ్బు ఆగాక కూడా నిలుస్తుందా అని. 2019లో ఆరోది కలిపారు, పక్కన నడిచే మిగతా పనులతో పొంతన ఉందా అని. వీటి మీద ట్రైనింగులు హోటళ్ళల్లో బోలెడు జరుగుతాయి, నేనూ వెళ్ళాను, పనికొచ్చాయి కూడా. కానీ ఈ పట్టికలన్నీ వచ్చినవాడు కూడా ఊళ్ళో "టిక్కీ" అంటే ఏంటో తెలియకపోతే ప్రాజెక్టుని నాశనం చేయగలడు.

అది కూడా చెప్తాను. మిర్చి రైతుల ప్రాజెక్టు ఒకటి, పురుగుమందులు తగ్గించి సాగు చేయించటం. బేస్‌లైన్ సర్వే, అంటే మొదట్లో పరిస్థితి ఎట్టా ఉందో కొలిచే సర్వే, ఒక ఏజెన్సీకి ఇచ్చారు, వాళ్ళ తరఫున ప్రశ్నలు అడిగి రాసుకునే ఎన్యూమరేటర్లు వేరే ప్రాంతం వాళ్ళు. ఎకరానికి దిగుబడి ఎంత అని అడిగితే రైతు "యాభై వచ్చినయ్యి" అన్నాడు, వీళ్ళు ఫారంలో క్వింటాళ్ళ గడిలో 50 కొట్టారు. రైతు చెప్పింది టిక్కీలు. యార్డుకి వెళ్ళే మిర్చి బస్తాని మన దగ్గర టిక్కీ అంటారు, ఒక్కోటి నలభై కేజీల పైమాటే, అంటే యాభై టిక్కీలు కలిపితే ఇరవై క్వింటాళ్ళ పైన వస్తాయి. రెండేళ్ళ తర్వాత ఎండ్‌లైన్, అంటే ఆఖర్లో మళ్ళీ కొలిచే సర్వే, చేసినవాళ్ళు లోకల్ కుర్రాళ్ళు, వాళ్ళు సరిగ్గానే క్వింటాళ్ళల్లోకి మార్చి రాశారు, 22, 23 అని. కంప్యూటర్‌లో రెండూ పక్కపక్కన పెడితే ఏం కనిపిస్తుంది? ప్రాజెక్టు వచ్చాక దిగుబడి సగానికి పడిపోయినట్టు! డోనర్ భయపడిపోయాడు, ఆ ఊళ్ళల్లో పని ఆపేద్దాం అనేదాకా వెళ్ళింది మాట. గుంటూరులో పుట్టిపెరిగిన ఎవరైనా ఆ బేస్‌లైన్ షీటు పది నిమిషాలు చూసి ఉంటే "ఎకరానికి 50 క్వింటాళ్ళా?" అని అక్కడే ఆపేవాళ్ళు. ఆ పది నిమిషాలు చూసే మనిషి లేడు, ఎందుకంటే ప్రాజెక్టు మొదలై ఏడు నెలలయ్యాక గానీ ఎం అండ్ ఈ పోస్టు నింపలేదు.

అసలు దిగుబడి గురించి నోటిమాట మీద ఆధారపడకూడదనే పంట కోత ప్రయోగాలు వచ్చాయి, చేలో లెక్క ప్రకారం ఒక ముక్క ఎంచుకుని, తాడు కట్టి, ఆ ముక్కలో పంట కోసి తూకం వేయటం. మన రాష్ట్రంలో ప్రకృతి సాగు నడిపే రైతు సాధికార సంస్థ ఆఫీసు గుంటూరులోనే ఉంది, దానికి జర్మనీ డెవలప్‌మెంట్ బ్యాంకు కె.ఎఫ్.డబ్ల్యూ అప్పు కూడా ఉంది. ఆ సాగుకి మామూలు సాగుకి పోలిక చూడటానికి బయటి పరిశోధన సంస్థతో ఇట్టాంటి కోత ప్రయోగాలు చేయించారు. ఖర్చు, శ్రమ రెండూ ఎక్కువే, కోత రోజున సరిగ్గా చేలో ఉండాలి, రైతు ఒకరోజు ముందు కోసేస్తే ఆ శాంపిల్ పోయినట్టే. కానీ నోటిమాటకీ దీనికీ పోలికే లేదు.

ఇంకో రకం తప్పు ఉంది, దీంట్లో యూనిట్ల గొడవ కూడా ఉండదు. "1,200 మంది రైతులకి శిక్షణ ఇచ్చాం" అని రిపోర్ట్‌లో రాస్తారు. సంతకాల షీట్లు తీసి పేర్లు కలిపి చూస్తే అదే 300 మంది నాలుగు మీటింగులకి వచ్చారు. ఎవరూ అబద్ధం చెప్పలేదు, సంతకాలు 1,200 ఉన్న మాట నిజమే, కాకపోతే మనుషులు 300. బుడమేరు పొంగి 2024 సెప్టెంబర్‌లో సింగ్‌నగర్ మునిగినప్పుడు విజయవాడలో సాయం చేసినవాళ్ళకి కూడా ఇదే చిక్కు, లిస్టులో "ఇల్లు" అని రాసుకున్నారు, ఒక డోర్ నంబరు మీద కింద ఒక కుటుంబం, పైన రెండు కుటుంబాలు అద్దెకున్నయ్యి, ఒక్క కిట్టు ఇచ్చి టిక్కు పెట్టుకుంటే లిస్టు ప్రకారం అందరికీ అందినట్టే లెక్క. కుటుంబం అంటే ఏంటి, వేరే పొయ్యి ఉంటే వేరే కుటుంబమా, ఈ ప్రశ్న మొదటి రోజే అడిగే మనిషి కావాలి.

సరే, ఇవన్నీ నా అనుభవాలు, ఎవరైనా పెద్ద ఎత్తున లెక్క కట్టి చూశారా అంటే చూశారు. వరల్డ్ బ్యాంకులో ఎస్టెల్ రైమోండో అనే పరిశోధకురాలు 2016లో ఒక పేపర్ రాశారు, 2008 నుంచి 2014 మధ్య ఎవాల్యుయేట్ అయిన వెయ్యికి పైగా ప్రాజెక్టులు తీసుకుని, మిగతా విషయాల్లో దాదాపు ఒకేలా ఉన్న ప్రాజెక్టులని జతలు కట్టి, ఎం అండ్ ఈ బాగున్నవాటికి బాగాలేనివాటికి ఫలితాల రేటింగ్‌లో తేడా ఎంతుందో చూశారు. ఆరు పాయింట్ల స్కేలు మీద 0.13 నుంచి 0.40 దాకా తేడా వచ్చింది, రేటింగ్ ఎవరు ఇచ్చారు అనేదాన్ని బట్టి, అంటే బ్యాంకు లోపల స్వతంత్రంగా ఉండే ఎవాల్యుయేషన్ విభాగమా, ప్రాజెక్టు నడిపిన టీమ్ వాళ్ళేనా అని. చూడటానికి చిన్న అంకె, కానీ వందల ప్రాజెక్టుల మీద సగటున ఇంత కనిపించటం నా దృష్టిలో తక్కువేం కాదు. దీన్ని పట్టుకుని "ఎం అండ్ ఈ పెడితే ప్రాజెక్టు గెలుస్తుంది" అని కూడా అనకూడదు. మంచి మేనేజర్ ఉన్నచోట లెక్కలూ బాగుంటాయి, పనీ బాగుంటుంది, ఏది దేనివల్ల అని విడదీయటం కష్టం. పైగా లెక్కలు చక్కగా ఉన్న ప్రాజెక్టుకి రేటింగ్ ఇచ్చేవాళ్ళు కూడా కొంచెం మొగ్గు చూపుతారు, చూపించటానికి ఆధారాలు ఉంటాయి కాబట్టి.

కానీ డబ్బు మాత్రం రానురాను లెక్కకే ముడిపడిపోతోంది, ఇది మన కళ్ళ ముందే జరుగుతోంది. అమరావతి కోసం 2024 డిసెంబర్‌లో వరల్డ్ బ్యాంకు 80 కోట్ల డాలర్ల అప్పు మంజూరు చేసింది, ఏషియన్ డెవలప్‌మెంట్ బ్యాంకు కూడా దాదాపు అంతే. ఈ రెండూ ఫలితాల ఆధారంగా ఇచ్చే అప్పులు, ముందే అనుకున్న ఇండికేటర్లు సాధించారని బయటివాళ్ళు తనిఖీ చేసి చెప్తే ఆ మేరకి డబ్బు విడుదలవుతుంది. వరల్డ్ బ్యాంకు ఈ పద్ధతి 2012లో మొదలుపెట్టింది. ఇట్టాంటి చోట పని జరిగినా దానికి కాగితం సరిగ్గా లేకపోతే డబ్బు రాదు, అంటే ఆఫీసులో లెక్క చూసేవాళ్ళు ఇంజనీర్లతో సమానంగా ముఖ్యమైపోయినట్టే.

మరి అంత ముఖ్యమైన మనిషిని మనం ఎట్టా చూస్తున్నాం? హెచ్.ఐ.వి నివారణ కోసం జాతీయ ఎయిడ్స్ నియంత్రణ సంస్థ (నాకో) డబ్బుతో ఎన్జీవోలు నడిపే టార్గెటెడ్ ఇంటర్వెన్షన్ ప్రాజెక్టుల్లో పోస్టు పేరే "ఎం అండ్ ఈ కమ్ అకౌంటెంట్". ఒకే మనిషి వోచర్లు రాయాలి, బ్యాంకుకి వెళ్ళాలి, ఆడిట్‌కి కూర్చోవాలి, అదే చేత్తో నెలవారీ డేటా చూడాలి. ఆ పోస్టులో చేసినవాళ్ళు చాలామంది నాకు తెలుసు, కష్టపడతారు, కానీ నెలాఖరున వోచర్ ఆగితే జీతాలు ఆగుతాయి, డేటా చూడకపోతే ఆ నెల ఎవరూ ఏమీ అనరు. ఇంక ఏది వెనకపడుతుందో మీరే చెప్పండి.

దీనికి పూర్తిగా వేరే రకం ఉదాహరణ కూడా అదే రంగంలో ఉంది. గేట్స్ ఫౌండేషన్ 2003లో ఆరు రాష్ట్రాల్లో మొదలుపెట్టిన ఆవాహన్, అందులో మన ఆంధ్రప్రదేశ్ కూడా ఉంది. అందులో పీర్ ఎడ్యుకేటర్లు చాలామంది చదువు రాని ఆడవాళ్ళు, సెక్స్ వర్క్‌లో ఉన్నవాళ్ళే తోటివాళ్ళ కోసం పనిచేసేవాళ్ళు. వాళ్ళకి బొమ్మలతో ఉన్న షీట్లు ఇచ్చారు, ఎవరిని ఈ వారం కలవాలి, ఎవరికి రిస్క్ ఎక్కువ, ఎవరు క్లినిక్‌కి రాలేదు, అన్నీ బొమ్మలు, గుర్తులే. ఆ షీటు ముందు వాళ్ళకే పనికొచ్చేది, రేపు ఎక్కడికి వెళ్ళాలో తేల్చుకోవటానికి, ఆ తర్వాతే పై ఆఫీసుకి వెళ్ళేది. రాసేవాళ్ళకి పనికొచ్చే లెక్క తప్పు పోవటం తక్కువ, ఎందుకంటే తప్పు రాస్తే మర్నాడు నష్టపోయేది తనే. నేను సామర్థ్యం అన్నప్పుడు డిగ్రీ గురించి అనట్లేదని చెప్పటానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ నాకు తెలీదు.

ట్యాబ్‌ల గురించి రెండు మాటలు. ట్యాబ్‌లోనే సర్వే ఫారం నింపే కోబో, ఓ.డి.కె లాంటి యాప్‌లు వచ్చాక కాగితం ఫారాలు పోయాయి, జీపీఎస్, టైమ్ అన్నీ దానంతటవే పడతాయి, మంచిదే. కాకపోతే నలభై నిమిషాల ఇంటర్వ్యూ తొమ్మిది నిమిషాల్లో అయిపోయిందని ట్యాబ్ చెప్తుంది, చెప్పింది చూసి మర్నాడు ఆ ఇంటికి వెళ్ళి మళ్ళీ నాలుగు ప్రశ్నలు అడిగే మనిషి లేకపోతే దాంతో ఏం లాభం.

మళ్ళీ ఆ హెల్త్ వర్కర్ దగ్గరికి వస్తాను, నాకు ఆ రోజు నిద్ర పట్టలేదు. ఆమె రెండుసార్లు ఫోన్ చేసింది, ఆఫీసు పట్టించుకోలేదు. ఖాళీ కాలమ్ పంపితే తిడతారని తెలుసు, అంకె వేసి పంపితే ఎవరూ అడగరనీ తెలుసు. మా నెలవారీ మీటింగ్‌లో బోర్డు మీద క్లస్టర్ల పేర్లు రాసి ఎవరి టార్గెట్ ఎంత, ఎంత చేశారు అని వరసగా లేపి అడిగేవాళ్ళం, తక్కువ వచ్చినవాళ్ళు నిలబడి సంజాయిషీ చెప్పుకోవాలి. అట్టాంటి మీటింగ్ పెట్టినన్నాళ్ళూ ఎంత గొప్ప స్టాటిస్టిక్స్ చదివిన మనిషిని తెచ్చి పెట్టినా వచ్చేది ఆ రకం డేటానే. ఆ తర్వాత నెల నుంచి ఖాళీ గడికి తప్పు లేదు అని చెప్పాం, ఖాళీ ఉంటే పక్కన కారణం రాయాలి అంతే. రిజిస్టర్‌లో "మిగిలిన స్ట్రిప్పులు" అని ఒక కాలమ్ కలిపాం. మొదటి నెల ఖాళీలు ఎక్కువ వచ్చాయి, డైరెక్టర్ గారు కంగారుపడ్డారు, పర్సంటేజీలు అన్నీ పడిపోయాయి కదా. డోనర్ వైపు ప్రోగ్రాం ఆఫీసర్‌కి ఉన్నది ఉన్నట్టు చెప్పి, ఆ క్లస్టర్‌లో ఆ నెలల డేటా వాడొద్దని రాసి పంపాం. ఆమె అడిగింది ఒక్కటే, మిగతా రెండు క్లస్టర్లలో కూడా చూశారా అని. చూశామని ఆధారాలు పంపాం. స్ట్రిప్పులు పది రోజుల్లో వచ్చాయి, కొటేషన్ రూలు కూడా ఆ సామాన్ల వరకు మార్చారు.

ఇందులో ఇంకో సంగతి గమనించాలి. ఆ అమ్మాయి నా దగ్గరికి వచ్చి చెప్పింది, నేను నేరుగా డైరెక్టర్‌కి చెప్పగలిగాను. చాలా సంస్థల్లో ఎం అండ్ ఈ మనిషి ప్రాజెక్ట్ మేనేజర్ కింద ఉంటాడు, అంటే ఎవరి పనిని కొలవాలో వాళ్ళ సంతకంతోనే ఇతని లీవు, ఇంక్రిమెంటు. అట్టాంటి కుర్చీలో ఉండి "సార్, ఈ నంబర్లు నిజం కాదు" అనటానికి ఎంత ధైర్యం కావాలి. ఎంత ట్రైనింగ్ ఇచ్చినా ఆ కుర్చీ ఎక్కడ వేశారు అనేది మారకపోతే ఫలితం రాదని నా గట్టి అభిప్రాయం.

డబ్బు సంగతి కూడా మాట్లాడుకోవాలి. ప్రాజెక్టు బడ్జెట్‌లో ఎం అండ్ ఈకి 5 నుంచి 10 శాతం పెట్టుకోమని గ్లోబల్ ఫండ్ లాంటివాళ్ళు చెప్తూనే ఉంటారు. కానీ మన దేశంలో 2020లో విదేశీ విరాళాల చట్టం ఎఫ్.సి.ఆర్.ఎకి సవరణ వచ్చాక విదేశీ డబ్బులో అడ్మినిస్ట్రేషన్ ఖర్చు పరిమితి 50 శాతం నుంచి 20కి తగ్గింది, రిపోర్టులు తయారు చేసే ఖర్చు ఆ లెక్కలోకే వస్తుంది, దాంతో ఆఫీసులో కూర్చుని చేసే పని ఏదైనా అకౌంటెంట్‌కి అనుమానంగానే కనిపిస్తుంది, ముందు కోత పడేది అక్కడే. అదే సవరణతో విదేశీ డబ్బు తీసుకున్న ఒక సంస్థ ఇంకో సంస్థకి ఇవ్వటం కూడా కుదరదు. అంతకుముందు ఢిల్లీలోనో హైదరాబాద్‌లోనో ఉన్న పెద్ద సంస్థ డబ్బుతో పాటు తన ఎం అండ్ ఈ టీమ్‌ని పంపి మన తెనాలి, బాపట్ల సైడు చిన్న సంస్థలకి పని నేర్పించేది, డబ్బు దారి మూసుకుపోయాక ఆ నేర్పించటం కూడా చాలాచోట్ల ఆగిపోయింది. సి.ఎస్.ఆర్ వైపు, అంటే కంపెనీలు చట్టప్రకారం సమాజం కోసం పెట్టే డబ్బు వైపు, చూస్తే 2021 నుంచి పెద్ద కంపెనీలు, అంటే సి.ఎస్.ఆర్ బాధ్యత సగటున 10 కోట్లు, ఆపైన ఉన్నవి, కోటి రూపాయలు, ఆపైన ఉన్న ప్రాజెక్టులకి బయటి ఏజెన్సీతో ఇంపాక్ట్ అసెస్‌మెంట్ చేయించాలి. మంచి రూలే. కానీ ఆ ఏజెన్సీ ప్రాజెక్టు అయిపోయిన ఏడాదికో తర్వాతో రెండు వారాలు వచ్చి అడిగేది ఏంటి? బేస్‌లైన్ ఇవ్వండి, రిజిస్టర్లు ఇవ్వండి అని. అవి ఎవరో ఒకరు మొదటి నెల నుంచి జాగ్రత్తగా పెట్టి ఉంటేనే కదా.

పెట్టిన మనిషి అప్పటిదాకా ఉంటే ఇంకా మంచిది, ఉండరు. పదకొండు నెలల కాంట్రాక్టులు, రెన్యువల్ వస్తుందో లేదో తెలియని ఆఖరి ఏడాదిలో అందరూ వేరే ఉద్యోగం చూసుకుంటారు, తప్పు పట్టలేం, ఇల్లు గడవాలి. సరిగ్గా ఎండ్‌లైన్ టైముకి ప్రాజెక్టు గురించి బాగా తెలిసినవాళ్ళు ఎవరూ ఆఫీసులో ఉండరు. మా రక్తహీనత ప్రాజెక్టులోనూ అదే జరిగింది. ఎండ్‌లైన్‌కి మూడు నెలల ముందు ఆ అమ్మాయి మంగళగిరిలో వేరే ఉద్యోగం వచ్చి వెళ్ళిపోయింది, ఆ పోస్టు మళ్ళీ నింపలేదు, మిగిలింది మూడు నెలలేగా అన్నారు.

ఎండ్‌లైన్ చేసిన ఏజెన్సీ నుంచి ఒకాయన నాకు ఫోన్ చేశారు, రెండో ఏడాది ఒక క్లస్టర్‌లో హిమోగ్లోబిన్ ఉన్నట్టుండి పెరిగి మళ్ళీ తగ్గిందేంటి, ఆ నెలల్లో ఏదన్నా స్పెషల్ క్యాంపెయిన్ చేశారా, చేసుంటే అది చాలా పెద్ద ఫలితం, రిపోర్ట్‌లో ముందు పేజీలో పెడతాం అన్నారు. ఆ డేటా వాడొద్దని మేం డోనర్‌కి రాసిన మెయిల్ ఉంది గానీ, ఆయనకి అందిన ఎక్సెల్ షీటులో ఆ గుర్తు ఎక్కడో కాపీ చేసేటప్పుడు పోయింది. నేను సంగతి చెప్పి ఆ అమ్మాయి నంబర్ అడిగి ఇస్తానన్నాను. తను కొత్త ఉద్యోగంలో లంచ్ టైమ్‌లో బయటికొచ్చి గంటసేపు ఆయనతో మాట్లాడింది, ఏ ఊరు, ఏ నెల, ఎంతమంది పిల్లల అంకెలు, అన్నీ తన పాత నోటుబుక్కులో రాసి పెట్టుకుందట. రిపోర్ట్ వచ్చాక చూశాను, మార్చి నుంచి ఆ క్లస్టర్ అంకెలు తీసేశారు, కింద ఎందుకు తీసేశారో మూడు లైన్లు రాశారు.